ఫార్మాట్ కొట్టే ముందు

(కుటుంబ సమ్మేళనంలో ఒక విశ్రాంత సిస్టమ్స్ అధికారి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను కంప్యూటర్ రికవరీ టూల్స్ గురించి మాట్లాడమన్నారు. ఆహ్వానపత్రంలో ఆ మాట చూడగానే మా ఆవిడ, "రిటైరయ్యాక కూడా రికవరీలేనా మీకు?" అంది. బ్యాంకువాళ్ళ ఇళ్ళలో ఆ మాటకు ఒకటే అర్థం. ఆదివారం పొద్దున్నే జీపెక్కి ఊళ్ళ మీద పడి మొండి బకాయిలు వసూలు చెయ్యడం. మార్చి నెలలో నాన్న మొహం సరిగ్గా చూడని పిల్లలు ఈ హాల్లో చాలామందే ఉంటారు. ఇవాళ నేను చెప్పే రికవరీ వేరు. అయితే ఈ రెండింటికీ కాస్త చుట్టరికం ఉంది, ముందుముందు మీకే తెలుస్తుంది.

మొదట ఒక మనవి. నేను చెప్పేవన్నీ మీ ఇంటి కంప్యూటరుకు మాత్రమే. బ్రాంచిలోని కంప్యూటరుకు బయటి పెన్‌డ్రైవు పెట్టకూడదు, సొంతంగా ఏ టూలూ ఎక్కించకూడదు. దానికి ఐటీ విభాగం ఉంది. ఇక్కడ విన్నది సోమవారం కౌంటర్లో ప్రయోగించి, మెమో వచ్చాక నా పేరు చెప్పకండి.

మన ఇళ్ళలో కంప్యూటరు మొరాయిస్తే ఏం చేస్తాం? పక్క వాటాలో ఇంజనీరింగు చదివే అబ్బాయిని పిలుస్తాం. అతను రెండు నిమిషాలు అటూ ఇటూ నొక్కి, "ఫార్మాట్ కొట్టేద్దాం అంకుల్" అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఒంట్లో బాగాలేదని వెళ్ళినవాణ్ణి నాడి అయినా చూడకుండా ఆపరేషన్ బల్ల ఎక్కించడం లాంటిదది. అలాగని ఆ అబ్బాయిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఎందుకంటే, ఆ పని నేనే చేశాను. అదీ సిస్టమ్స్ ఆఫీసరు ఉద్యోగం చేస్తూ!

మా అత్తగారిది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఆవిడకు పాటలు వచ్చు. గురువు దగ్గర నేర్చుకున్నవి కావు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఆడవాళ్ళు పాడుకునేవి. తలుపు దగ్గరి పాట, బంతులాట పాట, అప్పగింతల పాట, బిడ్డను ఉయ్యాల్లో వేసేటప్పటి పాట, మంగళహారతులు. వాటిలో చాలావాటిని ఎవరూ రాసిపెట్టలేదు. 2009 వేసవిలో మా ఆవిడ చిన్న వాయిస్ రికార్డరు పట్టుకెళ్ళి, పది రోజులపాటు మధ్యాహ్నంపూట తల్లిని కూర్చోబెట్టి 41 పాటలు పాడించింది. వాటిని మా ఇంటి కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. చోటు చాలడం లేదని రికార్డర్లోంచి చెరిపేసిందీ నేనే. 2012లో అత్తగారు కాలం చేశారు.

మరో రెండేళ్ళకు కంప్యూటరు నెమ్మదించింది. ఫోల్డరు తెరిస్తే నిమిషం పట్టేది. లోపలినుంచి గోరుతో గీకుతున్నట్టు టిక్కు టిక్కుమని చప్పుడు. నేను ఏ మాత్రం ఆలోచించకుండా, రాత్రి పడుకోబోయే ముందు చెక్‌డిస్క్ అనే టూల్‌ను రిపేరు చెయ్యమని చెప్పి వదిలేశాను. విండోస్‌తో పాటే వచ్చే పాత టూలు అది. డిస్కులో లెక్కలు సరిచూసి, తేడాలుంటే దిద్దుతుంది. అంతవరకు మంచిదే. స్లాష్ ఆర్ అని తగిలిస్తే డిస్కు ఉపరితలమంతా అంగుళం అంగుళం చదివి చూస్తుంది. నేను తగిలించాను.

తెల్లవారి లేచి చూస్తే 27 శాతం దగ్గర ఆగి ఉంది. పాటల ఫోల్డరు లేదు. దాని బదులు ఫౌండ్ అనే పేరుతో కొత్త ఫోల్డరు, అందులో పేరూ ఊరూ లేని తునకలు. మా ఆవిడ కాఫీ తెచ్చి నా మొహం చూసి, "ఏమండీ, అమ్మ పాటలు ఉన్నాయి కదా?" అంది. నాకు నోట మాట రాలేదు.

నేను చేసిన తప్పు ఏమిటో చెబుతాను. ఆ డిస్కు చావుబతుకుల్లో ఉంది. చదివే పలక మీద సన్నటి ముల్లు తూలుతోంది. అలాంటిదాని చేత నేను రాత్రంతా పరుగు పందెం పెట్టించాను. పైగా చెక్‌డిస్క్ ఊరికే చూడదు, రాస్తుంది కూడా. చదవలేకపోయిన చోట లెక్కలు తన తోచినట్టు దిద్దేస్తుంది. దాని పని యంత్రాన్ని బాగుచెయ్యడం. నాకు కావలసింది పాటలు. ఈ రెండూ ఒకటి కావని నాకు తట్టలేదు. కంప్యూటరు మొరాయించినప్పుడు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న "దీన్నెలా బాగుచెయ్యాలి?" అని కాదు. "ఇందులో మళ్ళీ దొరకనిది ఏముంది? దాన్ని ముందు ఎలా బయటికి తియ్యాలి?" అని. ఇల్లు కాలుతుంటే ముందు పిల్లల్ని బయటికి తెస్తాం కాని, గోడకు సున్నం వెయ్యం కదా.

ఆ తరవాత నాలుగు రోజులు సెలవు పెట్టి చేసింది సరైన పద్ధతి. డిస్కు విప్పి వేరే కంప్యూటరుకు తగిలించి, డీడీరెస్క్యూ అనే ఉచిత టూలు నడిపాను. ఇది ఏమీ దిద్దదు. ఉన్నది ఉన్నట్టు మరో మంచి డిస్కు మీదకు నకలు తీస్తుంది, అంతే. కానీ తీసే పద్ధతి చూసి నాకు నవ్వొచ్చింది. అచ్చం మన రికవరీ క్యాంపు పద్ధతి! మొదటి విడతలో తేలిగ్గా ఇచ్చేవాళ్ళ దగ్గర వసూలు చేసుకుని, మొండివాడి గుమ్మం దగ్గర నిలబడకుండా ముందుకు సాగిపోతుంది. ఎవరి దగ్గర రాలేదో ఒక చిట్టాలో రాసుకుంటుంది. రెండో విడతలో ఆ చిట్టా ప్రకారం మళ్ళీ తిరుగుతుంది. మూడోసారి మళ్ళీ. మధ్యలో కరెంటు పోయినా చిట్టా ఉంది కాబట్టి వదిలిన చోటునుంచే మొదలు. మూడు రోజులు పట్టింది. నకలు తీశాక అసలు డిస్కును తీసి పక్కన పెట్టేశాను. ఇక ప్రయోగాలన్నీ నకలు మీదే.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఫైలు చెరిపేస్తే ఏమవుతుంది? ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. పాత లెడ్జరు బైండు మొదట్లో ఇండెక్సు ఉండేది. ఏ పేరు, ఎన్నో పేజీ అని. హార్డ్ డిస్కులో చెరపడం అంటే ఆ ఇండెక్సులో పేరు కొట్టెయ్యడమే. పేజీ అక్కడే ఉంటుంది, దాని మీద ఇంకొకటి రాసేదాకా. డాస్ రోజుల్లోనైతే మరీ విచిత్రం. ఫైలు చెరిపితే పేరులో మొదటి అక్షరం తీసి అక్కడొక గుర్తు పెట్టేవాళ్ళు. ఈ కిటుకు పట్టుకునే పీటర్ నార్టన్ అనే అమెరికా ప్రోగ్రామరు 1982లో చెరిపిన ఫైలును తిరిగి తెచ్చే టూలును అమ్మకానికి పెట్టాడు. నార్టన్ యుటిలిటీస్ పుట్టింది అలాగే. ఫైలు తిరిగి వచ్చేది గాని, పోయిన ఆ మొదటి అక్షరం ఏమిటో మనమే చెప్పాల్సి వచ్చేది.

ఇండెక్సు మొత్తం పాడైతే? అప్పుడు ఫోటోరెక్ లాంటి టూల్స్ ఉన్నాయి. పేరులో ఫోటో ఉంది గాని పాటలు, పత్రాలు కూడా వెతుకుతుంది. ఉచితం. దానికి జంట టూలు టెస్ట్‌డిస్క్, పోయిన పార్టిషన్లను పట్టుకుంటుంది. ఫోటోరెక్ ఇండెక్సు జోలికే పోదు. ప్రతి పేజీ తిప్పుతూ, ఇది పాట మొదలులా ఉందే, ఇది ఫోటో మొదలులా ఉందే అని అక్షరాల పోలికను బట్టి ఏరుతుంది. వచ్చిన ఫైళ్ళకు పేర్లుండవు. ఎఫ్ అనే అక్షరం, దాని వెనక అంకెల వరస. తునకలు తునకలుగా చెదిరిన ఫైలైతే మధ్యలో తెగిపోతుంది.

ఆ అంకెల పేర్లతో నాకు రెండు వందలకు పైగా ఆడియో ఫైళ్ళు వచ్చాయి. సినిమా పాటలు, పిల్లల పాఠాలు, అన్నీ కలగలుపు. మా ఆవిడ రోజూ వంటయ్యాక హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుని ఒక్కొక్కటీ వినేది. తల్లి గొంతు వినపడితే నోటుబుక్కులో పాట పేరు రాసేది. నెల పట్టింది. 41లో 26 దొరికాయి. అందులో ఏడు మధ్యలో తెగిపోయాయి. పదిహేను పోయాయి. పోయినవాటిలో అప్పగింతల పాట ఒకటి. మా అమ్మాయి పెళ్ళిలో అది పాడించలేకపోయాం.

సరే, ఇక ముందు జాగ్రత్త సంగతికి వద్దాం.

మన దగ్గర లోను ఖాతా ఒక్క రాత్రిలో ఎన్‌పీఏ కాదు. తొంభై రోజులు దాటాలి. ఈలోగా ఎస్‌ఎంఏ 0, ఎస్‌ఎంఏ 1, ఎస్‌ఎంఏ 2 అని నెలనెలా గంట కొడుతుంది. హార్డ్ డిస్కులో కూడా ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉంది, దాని పేరు స్మార్ట్. డిస్కు తన ఆరోగ్యం గురించి తనే లెక్కలు రాసుకుంటుంది. ఎన్ని గంటలు తిరిగాను, ఎన్ని సెక్టార్లు చెడిపోయి వేరే చోటికి మార్చుకున్నాను, ఎన్నింటిని చదవలేక పెండింగులో పెట్టాను అని. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత టూలు ఆ లెక్కలు చూపిస్తుంది. నీలం రంగులో గుడ్ అంటే ఫరవాలేదు. పసుపు రంగులో కాషన్ అంటే ఆ సాయంత్రమే నకలు తియ్యాలి, వారాంతం దాకా ఆగకూడదు. ఎరుపు సంగతి చెప్పక్కర్లేదు. మా పాత డిస్కుకు నేను ఒక్కసారి ఈ టూలు పెట్టి ఉంటే పసుపు కనపడేది.

అలాగని నీలం రంగు చూసి నిశ్చింతగా పడుకోకండి. గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఒక అధ్యయనం ప్రకటించారు. ఉపరితలం పరీక్షలో మొదటి తప్పు కనపడిన డిస్కు, ఏ తప్పూ లేనిదానికంటే తరవాతి అరవై రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ అని తేలింది. కానీ చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా, ముఖ్యమైన ఆ నాలుగు సూచికల్లో ఏ ఒక్కటీ చూపించకుండానే పోయాయట. ఎస్‌ఎంఏ జాబితాలో కనపడకుండా ఎగవేసే ఖాతాదారులు మనకూ తెలుసు.

యంత్రం అసలు లేవకపోతే? కంగారు పడకండి. విండోస్ వరసగా రెండు మూడుసార్లు తెరుచుకోలేకపోతే దానంతటదే నీలిరంగు తెర ఒకటి చూపిస్తుంది. దాన్ని రికవరీ ఎన్విరాన్‌మెంట్ అంటారు. స్టార్టప్ రిపేరు, ఈమధ్య వేసిన అప్‌డేట్ తీసెయ్యడం, సిస్టమ్ రిస్టోర్, సేఫ్ మోడ్ అన్నీ అందులోనే ఉంటాయి. సిస్టమ్ రిస్టోర్ మీ ఫోటోలను, ఉత్తరాలను ముట్టుకోదు. విండోస్ సెట్టింగులను పాత తేదీకి తీసుకెళుతుంది. అయితే చాలా యంత్రాల్లో అది ఆపేసి ఉంటుంది. ఇంటికెళ్ళి ఒకసారి చూసుకోండి. రీసెట్ అనే బటన్ మాత్రం ఆఖరిది. "నా ఫైళ్ళు ఉంచు" అని ఎంచుకున్నా మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. "అన్నీ తీసెయ్యి" అని నొక్కితే ఇక చెప్పేదేముంది.

విండోస్ తెరుచుకోకపోయినా డిస్కు బాగున్న సందర్భాలే ఎక్కువ. అప్పుడు ఒక ఎనిమిది జీబీ పెన్‌డ్రైవులో ఉబుంటు వేసుకుని దాన్నుంచి కంప్యూటరు నడపవచ్చు. ఇన్‌స్టాల్ అనకుండా ట్రై అని నొక్కితే మీ డిస్కులో ఏమీ మార్చదు. మీ ఫోల్డర్లు కనపడతాయి. మరో డిస్కులోకి కాపీ చేసుకోవచ్చు. ఆ తరవాత పక్క వాటా అబ్బాయిని పిలిచి ఫార్మాట్ కొట్టించుకోండి, నాకు అభ్యంతరం లేదు!

కానీ ఇందులో ఒక తాళం ఉంది. 2024 జులై 19, శుక్రవారం గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న ఫైలులో తప్పు దొర్లి, ప్రపంచమంతటా విండోస్ యంత్రాలు నీలం తెరతో పడిపోయాయి. మైక్రోసాఫ్ట్ వేసిన అంచనా 85 లక్షలు. మన కాలమానంలో అది ఉదయం 9 గంటల 39 నిమిషాలు. మన విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. దేశంలో పది బ్యాంకులు, ఆర్థిక సంస్థలకు స్వల్పంగా ఇబ్బంది కలిగిందని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. తప్పు ఫైలును సంస్థ గంటన్నర లోపలే వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే పడిపోయిన యంత్రాల్లో చాలావాటిని మనిషి దగ్గర కూర్చుని లేపాల్సి వచ్చింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఒక్క ఫైలు చెరిపితే సరిపోతుంది. రెండు నిమిషాల పని. మరి కొన్నిచోట్ల రోజులు ఎందుకు పట్టింది? చాలా డిస్కులకు బిట్‌లాకర్ తాళం ఉంది. తెరవాలంటే 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. కీలు దాచిన సర్వరు కూడా పడిపోయిన చోట, పాపం ఆ సిస్టమ్స్ వాళ్ళ అవస్థ నేను ఊహించగలను.

మీ పిల్లలు కొత్తగా కొన్న విండోస్ 11 ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ఈ తాళం మీకు తెలియకుండానే పడి ఉంటుంది. దొంగ ఎత్తుకుపోతే మంచిదే, మీ పత్రాలు వాడు చదవలేడు. యంత్రం చెడితే మాత్రం మీరూ చదవలేరు. ఇందాక చెప్పిన ఉబుంటు పెన్‌డ్రైవు కూడా ఆ కీ అడుగుతుంది. మామూలుగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా ఎవరి పేర తెరిచారో, పాస్‌వర్డ్ ఏమిటో షాపు కుర్రాడికి తప్ప ఎవరికీ తెలియని ఇళ్ళు నేను చూశాను. ఆ 48 అంకెలు కాగితం మీద రాసి, ఇంటి పత్రాలు పెట్టేచోట పెట్టండి. అదే ల్యాప్‌టాపులో సేవ్ చేసుకోవడం లాకరు తాళంచెవిని లాకర్లో పెట్టి మూసినట్టు.

ఇంకో మాట, ఇది పెద్దవాళ్ళకు. ఈ టూల్సే దొంగల చేతిలో కూడా ఉన్నాయి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటుంది, మన లాగ్ బుక్కు లాంటిది. యంత్రంలో జరిగే ప్రతి చిన్నదీ అందులో పడుతుంది. నిక్షేపంలా నడిచే కంప్యూటర్లో కూడా ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు వందల్లో ఉంటాయి. దొంగ ఫోన్ చేసి, "మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామండీ, మీ కంప్యూటర్లో వైరస్ ఉంది, కావాలంటే మీరే చూడండి" అని ఆ పేజీ తెరిపిస్తాడు. అన్ని ఎర్ర గుర్తులు ఒక్కసారి చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ఆ వెంటనే, దూరంనుంచి బాగుచేస్తామంటూ స్క్రీన్ పంచుకునే యాప్ వేయిస్తాడు. ఎనీడెస్క్ లాంటివి స్వతహాగా చెడ్డవి కావు, మేమూ వాడతాం. అయినా 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఆ యాప్ పేరు చెప్పి మరీ హెచ్చరించాల్సి వచ్చిందంటే ఎంత మోసం జరిగి ఉండాలి! మైక్రోసాఫ్ట్ తనంతట తాను మీకు ఫోన్ చెయ్యదు. తెర మీద తప్పు చూపించి దాని కింద ఫోన్ నంబరు ఇవ్వదు. పొరపాటున యాప్ వేసేస్తే నెట్ తీసెయ్యండి, వెంటనే బ్యాంకుకు చెప్పండి, 1930కి ఫోన్ చెయ్యండి. సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లోవాళ్ళ దగ్గర దాచిపెట్టడం వల్లే ఎక్కువ డబ్బు పోతోంది.

చివరిగా ఎస్‌ఎస్‌డీ గురించి. కొత్త ల్యాప్‌టాపుల్లో తిరిగే డిస్కు లేదు, చిప్పులే. చాలా వేగం. కానీ ఇందులో ఫైలు చెరిపితే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల ఇండెక్సుతో పాటు పేజీ కూడా కాసేపట్లో ఖాళీ అయిపోతుంది. ఫోటోరెక్ వెతికినా దొరికేది దాదాపు సున్న. అంటే మా పాటల కథ ఇవాళ జరిగి, నేను ఫోల్డరు పొరపాటున చెరిపి ఉంటే, ఆ 26 కూడా ఉండేవి కావు. ఇక మిగిలింది బ్యాకప్ ఒక్కటే.

తమాషా ఏమిటంటే, 1990లలో ఏఎల్‌పీఎంలు నడిపిన రోజుల్లో నేను సాయంత్రం ఫ్లాపీల్లో బ్యాకప్ తియ్యకుండా బ్రాంచి షట్టరు దించనిచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు ప్రతి బ్యాంకూ వేరే ఊళ్ళో డీఆర్ సెంటరు పెట్టి, అది నిజంగా పనిచేస్తుందో లేదో డ్రిల్లు కూడా చేస్తుంది. ఖాతాదారుడి పావలా వడ్డీకి మూడు నకళ్ళు ఉంచినవాణ్ణి, అత్తగారి పాటలకు ఒక్కటీ ఉంచలేదు. ఇప్పుడు మా ఇంట్లో రెండు బయటి డిస్కులున్నాయి. ఒకటి బీరువాలో, ఒకటి మా అమ్మాయి దగ్గర బెంగళూరులో. దీపావళికి వచ్చినప్పుడు మార్చుకుంటాం. మార్చుకునేటప్పుడు ఏదో ఒక పాట తెరిచి వింటాం. అదే మా డీఆర్ డ్రిల్లు.

బయట టీ పెట్టారని సైగ చేస్తున్నారు. ముగిస్తాను. ఉబుంటు, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసిన పెన్‌డ్రైవులు ఆరు తెచ్చాను. పాడైన ల్యాప్‌టాపులు తెచ్చినవాళ్ళు దయచేసి వాటిని మళ్ళీ మళ్ళీ ఆన్ చెయ్యకుండా నా బల్ల దగ్గరికి తీసుకురండి. అలాగే నాదొక సొంత పని ఉంది. ఆ 26 పాటల్లో ఒకదానికి ఇప్పటికీ అంకెల పేరే ఉంది. మొదలు తెగిపోయింది. తల్లి పాడుతుంటే విన్న గుర్తుంది గాని ఏ సందర్భంలో పాడేదో, ఎలా మొదలవుతుందో మా ఆవిడకు గుర్తు రావడం లేదు. ఫోన్లో తెచ్చుకుంది, మూడో వరసలో కూర్చుంది. కోనసీమ వైపు పెద్దవాళ్ళు ఎవరైనా వచ్చి ఉంటే, టీ తాగుతూ ఒక్కసారి విని చెప్పగలరా?